అటక మీది మూటల్లో గుగ్గిలం ఏది, బంక ఏది, లక్క ఏది?

నమస్కారమండీ. సీతానగరంలో మీ పాత పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద టేకు పెట్టె దొరికిందని, అందులో మూడు గుడ్డ మూటలు, అడుగున నల్లగా గడ్డకట్టిన ఒక మట్టికుండ ఉన్నాయని రాశారు. ఒక మూటలో పసుపుపచ్చటి గాజుపెంకుల్లాంటివి, ఒకదాంట్లో ఎర్రటి పెళుసు రేకులు, ఇంకోదాంట్లో తేనెరంగు గుండ్రటి ముద్దలు. మీ తాతగారు కృష్ణలో నాటు పడవలు బాగుచేసేవారని, ఆ చివరి పడవ ఇంకా పెరట్లో బోర్లించి ఉందని కూడా రాశారు. ఇవేమిటి, దేనికి వాడేవారు, పడవకి పూయొచ్చా, అరికాళ్ళ పగుళ్ళకి పనికొస్తుందా, రెండు నెలల పాపకి ధూపం వేయమని అమ్మగారు అంటున్నారు, వేయొచ్చా అని మీ ప్రశ్నలు. ఒక్కోటీ చెబుతాను. కాస్త పొడుగవుతుంది.

నేను 1981లో వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మా మేనమామగారి మూలికల కొట్లో చేరాను. నలభై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ రోజూ చేతికి ఈ జిడ్డు అంటుకునే ఉంటుంది. పూజకి, మందుకి, పాలిష్‌కి, నగల పనికి, ఒకప్పుడు పడవలకి, అందరూ వచ్చి అడిగేది ఈ చెట్ల కారుడు సరుకే. ఈ నలభై ఏళ్ళలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువభాగం ఒక్క పొరపాటు వల్లే జరిగాయి. చెట్టు నుంచి కారేదంతా ఒకటే అనుకోవడం. బంక వాడాల్సిన చోట గుగ్గిలం, గుగ్గిలం వాడాల్సిన చోట బంక వాడి, డబ్బు, పని రెండూ పాడు చేసుకుంటారు.

అందుకని ముందు మూటల్ని పోల్చుకోండి. ఒక్కో మూటలోంచి బఠాణీగింజంత ముక్క తీసి మూడు గాజుగ్లాసుల్లో మామూలు నీళ్ళు పోసి విడివిడిగా వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఒక గ్లాసులో ముక్క ఉబ్బి, అంచులు కరిగి, నీళ్ళు చిక్కగా జారుతూ ఉంటాయి. అది బంక. మిగతా రెండింట్లో ముక్కలు గులకరాళ్ళలా అలాగే పడుంటాయి. ఆ రెండు రకాల్లోంచీ మళ్ళీ చిన్న ముక్కలు తీసుకుని, ఆరుబయట, పాత పట్టకారుతో పట్టుకుని, దీపం మంటకి చూపించండి. పసుపుపచ్చది వెంటనే కరిగి, చుక్కలుగా కారుతూ, నల్లటి పొగతో భగ్గుమని అంటుకుంటుంది. అది గుగ్గిలం. ఎర్రది ముందు మెత్తబడుతుంది, పుల్లతో తాకితే పట్టుదారంలా సాగుతుంది. అది లక్క. బంకని మంటలో పెడితే కరగదు. ఉబ్బి, మాడి, చక్కెర మాడిన వాసన వస్తుంది.

కోపంతో ఊగిపోయేవాణ్ణి చూసి మనం అగ్గి మీద గుగ్గిలం అయ్యాడంటాం కదా. అగ్గి మీద బంక అని ఎవరూ అనరు. పరీక్ష ఏమిటో మన మాటలోనే ఉంది.

తేడా ఎందుకంటే, బంక అన్నది చక్కెర జాతి పదార్థాల పొడవాటి గొలుసు. నీటిని పీల్చుకుంటుంది. గుగ్గిలం నూనె జాతిది. చెట్టుకి గాయమైతే పురుగూ బూజూ లోపలికి పోకుండా చెట్టే వేసుకునే కట్టు అది. నీటిని దగ్గరకి రానివ్వదు, నూనెలో, స్పిరిట్‌లో, టర్పెంటైన్‌లో మాత్రం కరుగుతుంది. కాబట్టి నీళ్ళు తగిలే చోటికి గుగ్గిలం, కాగితానికీ బట్టకీ తిండికీ బంక. ఇంతే సూత్రం.

మధ్యరకం కూడా ఒకటుంది. బంకా గుగ్గిలమూ కలిసి కారేవి. నీళ్ళలో నూరితే పాలలా తెల్లబడతాయి. అందుగ చెట్టు జిగురు, గుగ్గులు, మన ఇంగువ ఈ రకమే. ఇంగువ చెట్టు బంకేమిటని ఆశ్చర్యపోతారేమో, అది అఫ్గానిస్తాన్, ఇరాన్ వైపు పెరిగే ఒక మొక్క వేరుకి గాటు పెడితే కారే పాలు. గుంటూరు ఆవకాయ జాడీలో పడేదీ మీ తాతగారి పెట్టెలో ఉన్నదీ దూరపు చుట్టాలన్నమాట. ఇంగువ కట్టిన గుడ్డకి ఏళ్ళ తరబడి వాసన పోదంటారు. అందులోని నూనె భాగం నీళ్ళకి లొంగదు గనకే అది ఉతికినా పోదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గుగ్గిలం వేరు, గుగ్గులు వేరు. గుగ్గులు రాజస్థాన్, గుజరాత్ ఎండునేలల్లో పెరిగే చిన్న ముళ్ళచెట్టు జిగురు. శుద్ధి చేసి ఆయుర్వేదంలో లోపలికి ఇచ్చేది దాన్ని. పేర్లు దగ్గరగా ఉన్నాయని కీళ్ళనొప్పులకి గుగ్గిలం పొడి తేనెలో కలుపుకుని మింగేవాళ్ళని నేను చూశాను. మీ ఇంట్లో ఎవరికీ అలా ఇవ్వకండి. అసలు గుగ్గులైనా వైద్యుడు చెప్పకుండా వాడేది కాదు.

మీ మూటలోని గుగ్గిలం ఏ చెట్టుదో ఫొటో చూసి చెప్పలేను. కొట్లో ఒకే పేరు మీద నాలుగు చెట్ల సరుకు నడుస్తుంది. ఎక్కువగా వచ్చేది మధ్య భారతం, ఒడిశా అడవుల్లోని సాల వృక్షానిది. మన దగ్గర శేషాచలం, వెలిగొండల్లో తంబ జాలారి అనే చెట్టుంది, అదీ గుగ్గిలమే ఇస్తుంది, ప్రపంచంలో ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ఎక్కడా లేదు. అదే కొండల్లో కొండ సాంబ్రాణి చెట్టు కూడా అంతే అరుదు. లోతుగా గాట్లు పెట్టి పెట్టి ఈ చెట్లని చాలా చోట్ల చంపేశారు. ఎవరైనా శేషాచలం అసలు సరుకు అని చెప్పి అమ్మితే నేను కొనను, మీరూ కొనకండి. తెల్ల గుగ్గిలం, నల్ల గుగ్గిలం అని పడమటి కనుమల నుంచి వచ్చేవి వేరే చెట్లవి.

ఇప్పుడు బజార్లో గుగ్గిలం అని కట్టేదాంట్లో చాలాభాగం రోజిన్. అంటే దేవదారు జాతి చెట్ల జిగురుని కాచి, టర్పెంటైన్ ఆవిరిగా తీసేశాక మిగిలిన గడ్డ. అదేమీ చెడ్డ సరుకు కాదు. వయొలిన్ కమానుకి రుద్దేది అదే. అది రుద్దకపోతే కమాను తీగ మీద జారిపోతుంది, పలకదు. కానీ దాని పని వేరు. 70, 80 డిగ్రీలకే మెత్తబడుతుంది, అరచేతిలో నలిపితే కాసేపటికి అంటుకుంటుంది, టర్పెంటైన్ వాసన కొడుతుంది. మీ పెట్టె అంత పాతదంటున్నారు కాబట్టి మీది అసలు గుగ్గిలమే అయ్యుండే అవకాశం ఎక్కువ. నలిపి చూసుకోండి.

ఇక పడవ సంగతి. నాకు బాగా ఇష్టమైన సంగతి ఇదే, ఎందుకంటే కొట్లో చేరిన కొత్తల్లో సైకిలు మీద గుగ్గిలం సంచి వేసుకుని ఏటి ఒడ్డుకి చేరవేసింది నేనే. ఒకప్పుడు బెజవాడ పడవల ఊరు. ఆనకట్ట 1855లో పూర్తయ్యాక బందరు కాలువ, ఏలూరు కాలువ, అటు పక్కన కొమ్మమూరు కాలువ పట్టుకుని బకింగ్‌హాం కాలువలోకి, అక్కణ్ణించి మద్రాసు దాకా సరుకు పడవల మీదే పోయేది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది, రోడ్లు పెరిగాయి, లారీలు వచ్చాయి. నేను చేరేనాటికి పెద్ద పడవలు తగ్గిపోయి, చేపల పడవలూ ఇసుక పడవలూ మిగిలాయి. తర్వాత ఫైబర్ పడవలొచ్చాక గుగ్గిలం అడిగే పడవవాళ్ళు దాదాపు లేరు.

పని ఇలా జరిగేది. పడవని ఒడ్డుకి లాగి బోర్లించి వారం రోజులు ఎండనిచ్చేవారు. పలకల మధ్య సందుల్లో పాత నార, పాత పూత గీకి తీసేసేవారు. జనపనారనో పాత తాడు విప్పిన పీచునో నూనెలో తడిపి, వేలిలావు తాడులా పేని, మొండి ఉలితో, కొయ్యసుత్తితో సందులోకి కొట్టేవారు. ఆ దెబ్బ చప్పుడుని బట్టి పెద్దమేస్త్రి కూర్చున్నచోటు నుంచే చెప్పేవాడు, అక్కడ ఇంకా బోలుగా ఉంది, ఇంకో చుట్టు పెట్టు అని. నార నిండాక పైన గుగ్గిలం పాకం.

పాకం అంటే గుగ్గిలం, నూనె, ఒక పొడి. ఎందుకు ఈ మూడు? గుగ్గిలం ఒక్కటే కరిగించి పోస్తే చల్లారాక గాజులా పెళుసు. పడవ నీటిలో మెలితిరిగే వస్తువు, ఒక్క అలకే పగుళ్ళిస్తుంది. నూనె కలిస్తే సాగుతుంది. కానీ నూనె ఎక్కువైతే మే నెల బెజవాడ ఎండకి కారిపోతుంది. అందుకని మెత్తటి సున్నమో ఇటుకపొడో కలిపి నిలబెడతారు. మా దగ్గర కొనేవాళ్ళు చెప్పే లెక్క, రెండు పాళ్ళ గుగ్గిలానికి ఒక పాలు నూనె, సున్నం కంటిచూపుని బట్టి. ఎండాకాలం నూనె తగ్గించేవారు, చలికాలం పెంచేవారు. నూనె కూడా ఏదో ఒకటి కాదు, కానుగనూనో వేపనూనో వాడితే ఆ చేదుకి పురుగు త్వరగా పట్టదనేవారు. సముద్రం ఒడ్డున, నిజాంపట్నం వైపు, పడవ ఒంటికి సొరచేప నూనె కూడా పట్టించేవారు. ఆ వాసన ఎరిగినవాళ్ళకి జీవితాంతం గుర్తుంటుంది.

పాకం కుదిరిందా లేదా అన్నది అరిసెల పాకం చూసినట్టే చూసేవారు. గరిటె అంచు నుంచి ఒక చుక్క చల్లటి నీళ్ళలో వేస్తారు. అది గడ్డకట్టాక తీసి వేళ్ళ మధ్య వంచుతారు. టక్కున విరిగితే నూనె తక్కువ. వేలికి అంటుకుంటే నూనె ఎక్కువ. తోలుముక్కలా వంగి, వదిలాక నెమ్మదిగా సర్దుకుంటే కుదిరినట్టు. మీ పెట్టె అడుగున ఉన్న నల్లటి కుండ ఈ పాకం కుండే అని నా నమ్మకం. ఎన్నిసార్లు కాచినా అడుగున మాడు చేరి నల్లబడుతుంది. గోటితో గీకి దీపానికి చూపిస్తే గుగ్గిలం వాసన వస్తుంది.

తారు వాసన వస్తే మాత్రం అది వేరు. పాతవాళ్ళు కీలు అనేవారు. చలిదేశాల్లో దేవదారు జాతి చెట్ల కొయ్యని, వేళ్ళని గాలి తగలకుండా కాల్చి కార్చే నల్లటి ద్రవం అది. ఉత్తర యూరప్ ఓడలన్నీ దాని మీదే నడిచాయి. బొగ్గు నుంచి తీసిన తారు వచ్చాక మన దగ్గర దానికీ అదే పేరు పడింది. ఇవాళ రోడ్లకి పోసేది పెట్రోలియం సరుకు, చెట్టుతో సంబంధం లేదు. చెట్టు నుంచి తారు తీయడం మనిషి నేర్చిన అతి పాత విద్యల్లో ఒకటి. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో 5 వేల ఏళ్ళు దాటిన ఒక మనిషి శవం దొరికింది. అతని రాగి గొడ్డలిని పిడికి పట్టించింది భూర్జ చెట్టు తారుతోనే, తోలుపట్టీ చుట్టి. మన బండి ఇరుసు కందెన కూడా కీలే అనుకుంటారు కొందరు. మా వైపు రైతులు ఆముదంలో కాలిన గడ్డి మసి కలిపి చేసుకునేవారు, అందులో చెట్టు జిగురేమీ లేదు.

పెట్టె మూలల్లో గుండె ఆకారంలో నల్లటి గట్టి కాయలేమైనా కనిపిస్తే చేత్తో నలపకండి. అవి నల్లజీడి గింజలు. చాకలివాళ్ళు బట్టలకి గుర్తు పెట్టేది వాటి రసంతోనే, సున్నం తగిలితే ఆ నలుపు ఎన్ని ఉతుకులకీ పోదు. ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కి, పుండ్లు పడతాయి.

ఎర్రమూట, అంటే లక్క. ఇది నిజానికి చెట్టు కార్చేది కాదు. మోదుగ, రేగు, పూసుగు కొమ్మల మీద చేరి రసం పీల్చే చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే పెంకు. చెట్టు జిగురుల జాబితాలో కలిపేస్తారు, ఎందుకంటే గుణం అదే. వేడికి మెత్తబడుతుంది, చల్లారితే రాయి, నీటికి లొంగదు. లక్క ఇల్లు కథలో పాండవుల కోసం కట్టిన ఇంట్లో లక్కతో పాటు సర్జరసం కూడా వాడారని ఉంది. సర్జరసమంటే ఈ గుగ్గిలమే. కథ రాసినవారికి ఈ సరుకు ఎలా అంటుకుంటుందో బాగా తెలుసు.

పడవ పనివారి దగ్గర లక్క ఎందుకు ఉంటుందంటే, పనిముట్ల పిడుల కోసం. ఇది ఇప్పటికీ నేను ఇంట్లో చేస్తాను, మీరూ చేయొచ్చు. కత్తిపీట కత్తో కొడవలో పిడిలో వదులైందనుకోండి. పిడి రంధ్రంలోంచి పాత మురికంతా గీకేయండి. లక్కపొడి, జల్లించిన మెత్తటి ఇటుకపొడి సమానంగా కలిపి రంధ్రంలో ముప్పాతిక దాకా కూరండి. పిడిలోకి దిగే కత్తి తోకని మాత్రమే పొయ్యి మీద వేడిచేయాలి. అలుగుకి, అంటే కోసే భాగానికి, వేడి ఎక్కితే పదును పోతుంది, అందుకని అలుగుకి తడిగుడ్డ చుట్టి పట్టుకోండి. తోక ఎర్రబడనక్కర్లేదు, నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగిరేంత చాలు. దాన్ని నిటారుగా రంధ్రంలోకి దించండి. లక్క కరిగి అంచుల్లోంచి పైకి పొంగుతుంది. అలాగే కదపకుండా నూరు లెక్కపెట్టండి. పొంగినదాన్ని ఇంకా వెచ్చగా ఉండగానే తడివేలితో నొక్కి చదును చేయండి. ఆ పిడి మళ్ళీ వదులవాలంటే మళ్ళీ నిప్పు చూపించాల్సిందే.

కంసాలులు బోలు నగల్లో నింపేది లక్కే, గాజు ఒత్తితే సొట్ట పడకుండా ఉండేది దానివల్లే. ఏటికొప్పాక బొమ్మల మెరుపు తిరిగే చెక్క మీద ఒత్తిన రంగులక్కది. మన కొండపల్లి బొమ్మ అది కాదు. తెల్ల పొణికి చెక్కకి చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేస్తారు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు చాలామంది. గుడిలో విగ్రహాన్ని పీఠానికి పట్టించే అష్టబంధనంలో లక్కా గుగ్గిలమూ రెండూ ఉంటాయి. తేనెమైనం, వెన్న, కావి, సున్నపురాతి పొడి లాంటివి చేర్చి రోకళ్ళతో గంటల తరబడి దంచుతారు. దంచేకొద్దీ వేడెక్కి మైనంలా అవుతుంది, సందులోకి కూరాక రాయితో రాయిలా బిగుస్తుంది. పన్నెండేళ్ళకోసారి తిరిగి పెడతారు. తిరుమలలో 2018 ఆగస్టులో జరిగింది ఆ వరుసలోదే.

మీ లక్క ఎంత పాతదో అన్నది ఒక్కటే అనుమానం. చాలా ఏళ్ళు నిలవున్న రేకులు స్పిరిట్‌లో సరిగా కరగవు, చెక్క పాలిష్‌కి వాడితే అంటుకుంటూ ఆరదు. కొంచెం స్పిరిట్‌లో ఒక రోజు నానబెట్టి చూడండి. కరగకపోతే పిడులకే వాడుకోండి.

తేనెరంగు ముద్దలు తుమ్మబంకే అయ్యుంటాయి. దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. దీపం మసిలో కలిపితే సిరా, కాగితానికి జిగురు, పెడన కలంకారీలో అచ్చుకి పట్టేలా పటికనీళ్ళు చిక్కబరిచేదీ బంకే. అడవుల్లో గిరిజనులు సేకరించే తపసి జిగురు కూడా బంక జాతే, అది నీళ్ళలో కరగడం కన్నా ఉబ్బడం ఎక్కువ. మీ మూటలోది తినడానికి మాత్రం వాడకండి. అటక మీద అన్నేళ్ళు ఎలుకల మధ్య ఉన్న సరుకు.

ఇప్పుడు పాపకి ధూపం. అమ్మగారి మాట కాదనడం మీకు కష్టమని తెలుసు. మనందరం ఆ పొగలో పెరిగినవాళ్ళమే. బాలింతకీ బిడ్డకీ తలంటి పోసి సాంబ్రాణి పొగలో జుట్టు ఆరబెట్టని ఇల్లు మన వైపు లేదు. నేను సాంబ్రాణి అమ్మి బతికినవాణ్ణి, అయినా వద్దనే చెబుతాను. అందులోనూ గుగ్గిలం నల్లపొగ అసలే వద్దు. గుగ్గిలం ఎలా మండిందో మీరే దీపం దగ్గర చూస్తారు, ఆ మసి కణాలే రెండు నెలల ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జలుబు, ఆయాసం ఉన్న పిల్లలకి ఇంకా ప్రమాదం. మా మనవడికి మూడో నెలలో ధూపం వేసిన సాయంత్రమే పిల్లికూతలు మొదలై రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న ఇంట్లో పొగ వేశారా అని. ఆ రోజు నుంచి మా ఇంట్లో బిడ్డ ఉన్న గదిలో ధూపం లేదు. జుట్టు మెత్తటి నూలుగుడ్డతో ఒత్తితే ఆరిపోతుంది. పూజకి వేసుకోవాలంటే బిడ్డ వేరే గదిలో ఉండగా, కిటికీలు తీసి, కాస్తంత వేసుకోండి. పూజకి గుగ్గిలం కన్నా అసలు సాంబ్రాణి మేలు. సుమత్రా నుంచి వచ్చే ఆ సరుకు లోపల బాదంపలుకుల్లా తెల్లటి గింజలుంటాయి, కొంచెం వేసినా చాలు.

అరికాళ్ళ పగుళ్ళకి గుగ్గిలం నిజంగా పనిచేస్తుంది, పాతకాలపు మందుల్లో నేను మనస్ఫూర్తిగా చెప్పేది ఇదొకటే. మా అత్తయ్య చేసే పద్ధతి చెబుతాను. దీనికి మీ మూటలోది కాకుండా కొత్తది కొనుక్కోండి. శుభ్రమైన గుగ్గిలం నూరి పల్చటి గుడ్డలో జల్లించి రెండు చెంచాల పొడి తీసుకోవాలి. ఎనిమిది చెంచాల నువ్వులనూనె మందపాటి ఇనుప మూకుడులో గోరువెచ్చన కన్నా కాస్త ఎక్కువ వేడి చేసి, సన్నటి సెగ మీదే పొడిని చిటికెడు చిటికెడుగా చల్లుతూ కలపాలి. మొదట అడుగున ముద్దలా చేరుతుంది, కంగారుపడొద్దు, కలుపుతూ ఉంటే తేనెలా అవుతుంది. పొగ రాకూడదు. వస్తే సెగ ఎక్కువైనట్టు. దించి, గుడ్డలో వడకట్టి, వెడల్పాటి పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి అందులోకి సన్నటి ధారగా వదలాలి. ఇప్పుడు చేత్తో చిలకడం. మజ్జిగలో వెన్న తీసినట్టు అరచేత్తో నీళ్ళలో తిప్పుతూ, రెండు మూడు నిమిషాలకోసారి ఆ నీళ్ళు వంచేసి కొత్తవి పోస్తూ ఉండాలి. ఐదారుసార్లు మార్చేసరికి పసుపుపచ్చటి జిడ్డు కాస్తా తెల్లబడి, ఉబ్బి, వేళ్ళకి అచ్చం వెన్నలా తగులుతుంది. తమిళ సిద్ధవైద్యులు దీన్ని గుగ్గిలం వెన్న అనే పిలుస్తారు. గాజుసీసాలో పెట్టి పైన కొంచెం నీళ్ళు పోసి ఉంచి, ఆ నీళ్ళు రోజూ మార్చాలి. రాత్రి కాళ్ళు కడిగి తుడుచుకుని పగుళ్ళలో కూరి మేజోళ్ళు వేసుకుంటే, గుగ్గిలం పగులు అంచుల్ని పట్టి ఉంచుతుంది, నూనె లోపల తేమ పోనివ్వదు. పడవ సందుకి చేసిన పనే ఇక్కడా చేస్తుంది. ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడండి, దురద ఎర్రదనం వస్తే మానేయండి. షుగరు ఉన్నవాళ్ళూ, పగుళ్ళలోంచి రక్తం చీము వస్తున్నవాళ్ళూ డాక్టరుకి చూపించుకోవాలి, ఇది వాళ్ళకి కాదు.

కాచేటప్పుడు జాగ్రత్త గురించి గట్టిగా చెప్పాలి. 1986లో మా కొట్టు వెనక పెరట్లో ఒక పడవ మేస్త్రికి పాకం కాచి ఇస్తున్నాం. గుగ్గిలం ముద్దల్లో వానతడి ఉందని ఎవరూ చూడలేదు. నూనె వేడెక్కాక ఆ తడి ఆవిరై పాకం పాలలా పొంగి, పొయ్యిలోకి పడి, మనిషెత్తు మంట లేచింది. నేను నీళ్ళబిందె ఎత్తబోయాను. మామయ్య నా చెయ్యి పట్టి వెనక్కి లాగి, పక్కనున్న గోనెపట్టా తడిపి కుండ మీద కప్పాడు. నీళ్ళు పోసుంటే మండుతున్న నూనె అందరి మీదా ఎగజిమ్మేది. అప్పటికే నా ముంజేతి మీద రెండు చుక్కలు పడ్డాయి. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. గుగ్గిలం చుక్క నూనెచుక్కలా జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. కాబట్టి గుగ్గిలాన్ని ముందు ఎండలో బాగా ఎండబెట్టండి, ఆరుబయటే కాచండి, కుండ సగానికి మించి నింపొద్దు, మూతా తడిగోనె చేతికందే దూరంలో ఉంచుకోండి.

పెరట్లోని పడవ గురించి. మనుషులు ఎక్కి నదిలోకి వెళ్ళేందుకైతే, కొయ్య ఎంత గట్టిగా ఉందో పడవ పని తెలిసినవాళ్ళు వచ్చి చూడకుండా ఏ పూతా మీద నమ్మకం పెట్టుకోవద్దు. తాతగారి గుర్తుగా బాగుచేసి ఉంచుకోవాలంటే మాత్రం తాతగారి పద్ధతే మంచిది. పైన పాలిష్‌లాంటి పూత కావాలంటే ఆముదం, కానుగ వాడకండి, అవి ఎప్పటికీ ఆరవు, దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె ఆరే నూనె, గుగ్గిలంతో కాచి పల్చగా రెండు పూతలు వేస్తే చెక్క రంగు తేలుతుంది. సందులకి మాత్రం కానుగనూనె పాకమే.

మొత్తం ఒకేసారి మొదలెట్టకండి. అడుగున ఒక్క సందు ఎంచుకుని, గీకి, నార కూరి, పాకం పోసి, రెండు రోజులు ఆగండి. తర్వాత పడవని తిరగేసి అందులో నాలుగు బిందెల నీళ్ళు పోయండి. ఏళ్ళ తరబడి ఎండిన చెక్క కాబట్టి మొదటి పూట అన్ని సందుల నుంచీ కారుతుంది, మీరు వేసిన చోట కూడా కాస్త చెమ్మ వస్తుంది. చెక్క నీళ్ళు తాగి ఉబ్బడానికి ఒక రాత్రి పడుతుంది. మర్నాడు పొద్దున పడవ కింద చెయ్యిపెట్టి ఆ సందు పొడవునా తడమండి. పొడిగా ఉంటే మిగతావి మొదలుపెట్టొచ్చు. తడి తగిలితే ఏ మూల తగిలిందో, మీ పాకం చుక్క నీళ్ళలో ఎలా వంగిందో రాయండి, నూనె ఎక్కువైందో నార తక్కువైందో చెబుతాను.